రాణీ, రేపు రా

టీకాల గురించి కథలు చెప్పి జీతం తీసుకున్న మనిషిని నేను. ఆఫీసులో నన్ను ఆరోగ్య బోధకురాలు అనేవారు, బస్తీల్లో సూదుల మేడం అనేవారు. నిజానికి సూది నేను ఎన్నడూ వేయలేదు. వేసేది నర్సు సలోమి. ఆమెకంటే ముందు గడప దగ్గరికి వెళ్లి తల్లినో అత్తనో ఒప్పించడం నా పని. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీ నగర్ మీదుగా పెద్ద అంబర్‌పేట్ దాకా నేను ఎక్కని మెట్లు తక్కువ.

ఈ పనిలో కొత్తగా చేరిన ఆడపిల్లలు ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. "మేడం, ఏ కథ చెప్తే ఒస్తరు? ఎట్ల చెప్పాలె?" అని అడుగుతారు. కథ ఎలా చెప్పాలో ట్రైనింగులో నేర్పుతారు. చెప్పిన కథ తలుపు లోపలికి పోయాక అక్కడ ఏం చేస్తుందో మాత్రం ఎవరూ నేర్పరు. నాకు ఆ పాఠం చెప్పింది చనిపోయిన ఒక చిన్నపిల్ల. ఆ పిల్ల అసలు పుట్టనే లేదు. ఇది చదివి నాకు మతి పోయిందనుకుంటే అనుకోండి, నేను జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

బొమ్మలో పిల్ల

మా మీద ఒక ప్రోగ్రాం సారు ఉండేవారు. మంచివారే, పనిమంతులే. కానీ జనాన్ని కదిలించేది ఒక్క భయమేనని ఆయన గట్టి నమ్మకం. "లెక్కలు చెప్తే ఆవలిస్తారమ్మా. కథ చెప్పండి. కథలో పిల్ల చచ్చిపోవాలి. అప్పుడు కదులుతారు" అనేవారు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని మాలో మేము గొణుక్కున్నామే గానీ ఆయన ముందు ఎవరమూ నోరు మెదపలేదు.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ పైన హాలు కిరాయికి తీసుకుని మాకు ట్రైనింగ్ పెట్టారు. అక్కడే కొత్త బొమ్మల చార్టు చేతికిచ్చారు. అందులో పిల్ల పేరు రాణి. అన్ని మతాలవాళ్లకూ సరిపోతుందని సారే ఆ పేరు పెట్టారు. నాలుగేళ్ల పిల్ల, పసుపు గౌను. టీకా వేయడానికి ఎవరు వచ్చినా తల్లి "రేపు" అంటుంది. ఒకనాడు రాణికి కంఠసర్పి, అదే డిఫ్తీరియా, వస్తుంది. గొంతులో పొర కట్టి ఊపిరాడక పిల్ల పోతుంది. చివరి బొమ్మలో చనిపోయిన రాణి తన ఇంటి గడప బయట నిలబడి మన కళ్లలోకి చూస్తుంటుంది. "అమ్మా, నాకు సూది ఎందుకు వేయించలేదు?" అని కింద రాసి ఉంటుంది.

ఆ బొమ్మ గీసినవాడెవడో గట్టివాడు. చార్టును ఎటు తిప్పినా ఆ కళ్లు మనవైపే తిరిగేవి. ఇంట్లో నేను దాన్ని బీరువా పక్కన గోడకు తిప్పి పెట్టేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "నువ్వే భయపడితే జనాన్ని ఏం భయపెడ్తవే?" అనేవాడు.

భయపడినా చెప్పడం మాత్రం బాగా చెప్పాను. ఆ గర్వం నాకు ఉండేది, ఇప్పుడూ ఉంది. పగలు ఆడవాళ్లు పనులకు పోతారు కాబట్టి సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు వెళ్లేవాళ్లం. గడప బయట నేను, లోపల తల్లి, ఆమె చంకలో పిల్ల. చివరి బొమ్మ వచ్చేసరికి నేను కొంచెం పక్కకు జరిగి, రాణి నిలబడాల్సిన చోటు ఖాళీగా వదిలేదాన్ని. అది ఎవరూ నేర్పింది కాదు, నా సొంత తెలివి. తల్లుల చూపు నేరుగా ఆ ఖాళీ మీద పడేది.

గడపకో తీరు

కథ ఒకటే, చెప్పే నోరూ ఒకటే. వినే చెవులు మాత్రం ఒకటి కావు. ఈ ముక్క మీరు కొంగున ముడి వేసుకోవాలి.

మెయిన్ రోడ్డు మీది అపార్ట్‌మెంట్లలో కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లు ఎక్కువ. అక్కడ ఒకావిడ రెండో బొమ్మకే చెయ్యి అడ్డం పెట్టింది. "ఈ బొమ్మలు మాకెందుకండీ, పిల్లలు జడుసుకుంటారు. టీకా వేస్తే జ్వరం ఎన్నాళ్లుంటుందో చెప్పండి, చాలు" అంది. చెప్పాను. పిల్లను ఎత్తుకుని వీధి చివర మా టీకా క్యాంపుకు వచ్చి వేయించుకుపోయింది.

వెనక వీధిలో తెలంగాణ ఊళ్ల నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబాలు ఉండేవి. అక్కడ కథ వింటూ ఆడవాళ్లు ఏడ్చారు. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ప్రశ్నలు మొదలుపెట్టారు. పాస్టరమ్మ నా చెయ్యి పట్టుకుంది. "మేడం, గా తల్లిని ఒకపారి మా స్త్రీల కూటానికి తీస్కరాన్రి. ఆమె నోటితోని ఆమె చెప్పాలె. మీరు చెప్తే అది సాక్ష్యం గాదు గదా" అంది. ఇంకొకామె, "పాప సమాధి ఏడుంది? సమాధుల పండుగకు మేం పోయి కొవ్వొత్తి ముట్టిస్తం" అంది.

సలోమి నేల చూపులు చూస్తోంది. ఆమెది కూడా ఆ సంఘమే. లేని తల్లిని ఎక్కడి నుంచి తెస్తాం, లేని సమాధి ఏ శ్మశానంలో చూపిస్తాం? తల్లి ఊళ్లో లేదని ఏదో చెప్పి బయటపడ్డాను. ఆ ఆదివారం కూటంలో సలోమి లేచి నిలబడి, చిన్నప్పుడు తట్టు పోసి తన కుడి చెవి వినికిడి పోయిందని చెప్పిందట. అన్నేళ్లు ఆమె పక్కన నడిచాను, ఎప్పుడూ నా కుడివైపే ఎందుకు నడుస్తుందో అప్పటిదాకా నాకు తెలియదు. సోమవారం ఆ వీధి వీధంతా పిల్లల్ని ఎత్తుకుని వచ్చింది.

మూడోది నల్గొండ ఊళ్ల నుంచి వచ్చినవాళ్ల గల్లీ. ఆటోలు నడిపేవాళ్లు, లారీల మీద పోయేవాళ్లు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు. అక్కడ ఎవరూ ఏడవలేదు, ప్రశ్నలు అడగలేదు. నేను పక్కకు జరిగి ఖాళీ వదిలినప్పుడు ఆ తల్లులు పిల్లల ముఖాల మీద కొంగు కప్పారు. ఒక ముసలామె నా భుజం మీదుగా వెనక్కి చూసి తలుపు దగ్గరికి వేసింది. "రేపు రాన్రి మేడం" అంది. ప్రతి ఇంట్లోనూ అదే మాట. మా వాళ్లు కూడా సూర్యాపేట వైపు వాళ్లే. పొద్దు మూకి దీపాలు పెట్టే వేళ గడపలో నిలబడి చచ్చినవాళ్ల పేరు తలవకూడదని మా అమ్మ చిన్నప్పుడు ఎన్నిసార్లు నా నోరు మూసిందో! చదువు, ఉద్యోగం వచ్చాక అదంతా చాదస్తమని పక్కన పెట్టేశాను.

ఈ మూడు తీర్లు చెప్పానని, క్రైస్తవులంతా ఇంతే, నల్గొండవాళ్లంతా ఇంతే అని గీతలు గీసుకోకండి. ఒకే ఇంట్లో అత్త ఒక తీరు, కోడలు ఒక తీరు. నేను చెప్పేది ఒకటే. కథ ఎత్తుకునే ముందు, ఆ ఇంట్లో చచ్చిపోయినవాళ్లను ఏం చేస్తారో తెలుసుకోండి.

తలుపు మీద రాత

వెళ్లిన ప్రతి ఇంటి గోడ మీద సలోమి సుద్దముక్కతో చిన్న గుర్తు పెట్టేది. మరుసటి వారం ఆ గల్లీకి పోతే మా గుర్తు పక్కన బొగ్గుతో కొత్త రాత కనపడింది. "రాణీ, రేపు రా."

ఒక తలుపు మీద కాదు, వరసగా అన్ని తలుపుల మీదా ఉంది. కొన్నిచోట్ల పసుపుతో రాశారు. నా చిన్నప్పుడు ఊళ్లలో తలుపుల మీద ఇలాంటి రాతలు చూశాను. వచ్చిన దయ్యం అది చదువుకుని, సరే రేపు వద్దామని తిరిగిపోతుందని నమ్మకం. రేపు వస్తే మళ్లీ అదే రాత ఉంటుంది. మమ్మల్ని తిప్పి పంపిన మాటతోనే రాణినీ తిప్పి పంపుతున్నారు. మేమూ ఆ పిల్లా వాళ్లకు ఒకటే అయిపోయాం.

ఆఫీసుకు పోయి సారుకు చెప్పాను. ఆ చివరి బొమ్మ తీసేద్దాం సార్ అన్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది. "చూశారా! బస్తీ అంతా దాని గురించే మాట్లాడుకుంటోంది. కథ ఎక్కిందమ్మా!" అన్నారు. ఎక్కింది నిజమే. ఎక్కినదాన్ని దించే విద్య మాత్రం ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

ఆ వారంలోనే పక్క బస్తీలో ఒక పిల్లవాడికి నిజంగా కంఠసర్పి వచ్చిందని దవాఖాన నుంచి కబురు వచ్చింది. ఇక నవ్వులాట లేదు. మా గల్లీలో బూస్టర్ పడని పిల్లలందరికీ వెంటనే వేయాలన్నారు. మాకు అందరికంటే ఎక్కువ గుబులు పండు గురించి. ఏడాదిన్నర దాటిన పిల్లాడు, బక్కపలచని ఒళ్లు. పై అంతస్తులో ఒంటిగది కిరాయి ఇల్లు వాళ్లది. పక్క బస్తీలో జబ్బుపడిన పిల్లవాడి తల్లీ, పండు తల్లి స్వప్నా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒకే చీరల దుకాణంలో పనిచేస్తారు. స్వప్న పండును తీసుకుని రావడానికి సిద్ధంగానే ఉంది. రానివ్వనిది ఆమె అత్త లింగమ్మ. ఇంతకుముందు నా భుజం మీదుగా వెనక్కి చూసి తలుపు వేసింది ఆమే.

పట్టపగలు

ఈసారి సాయంత్రం వద్దనుకుని మిట్టమధ్యాహ్నం పోయాం. గల్లీలో పిట్ట కూడా అరవడం లేదు. ఇళ్ల ముందు చిన్న చిన్న గ్లాసుల్లో నీళ్లు పెట్టి ఉన్నాయి. స్టీలువి, ప్లాస్టిక్‌వి, ఒకచోట టీ తాగి పారేసే కాగితం గ్లాసు. పిట్టల కోసమని అనుకున్నాను. పిట్టల కోసం గ్లాసులో ఎవరు పెడతారు?

మెట్లెక్కి తలుపు కొట్టాను. లింగమ్మ గొలుసు తీయకుండానే తలుపు సందులోంచి ముందు నా వెనక్కి చూసింది, తర్వాత నన్ను చూసింది. స్వప్న లోపల పండును ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"అవ్వా, నీళ్లెందుకు పెట్టిన్రు?" అని అడిగాను.

"గా పిల్ల అడుగుతుంది గదా."

"ఏ పిల్ల?"

"మీరు తెచ్చిన పిల్ల. రాణి. గీ మెట్ల మీద కూసుంటది. నీళ్లడుగుతది. ఇస్తే తాగనీకి రాదు, పాపం. మింగబోతే ముక్కులకెళ్లి వస్తయి."

కంఠసర్పి ముదిరితే కొందరు పిల్లలకు అంగిలి చచ్చుబడిపోతుంది. తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో దవాఖాన వార్డులో ఒక్కసారి చూశాను, మళ్లీ ఎవరితోనూ అనలేదు. మా చార్టులో ఆ ముక్క లేదు. నేను చెప్పిన కథలోనూ లేదు. లింగమ్మకు అక్షరం ముక్క రాదు, తలుపు మీది రాత కూడా కోడలితో రాయించుకుంది.

సలోమి నా చెవిలో అంది. "మేడం, నిజం చెప్పేయున్రి. అబద్ధపు కథ ఇంటింటికీ తిరుగుతుంది. మనమే ఆపాలె."

సరే అనుకుని చెప్పాను. "అవ్వా, రాణి అనే పిల్ల లేనే లేదు. మా ఆఫీసోళ్లు బొమ్మ గీయించిన్రు. సారు పేరు పెట్టిండు. కథ అది, ఉత్త కథ."

లింగమ్మ కోపం తెచ్చుకోలేదు. నామీద జాలి పడ్డట్టు చూసింది.

"పేరు మీరు పెట్టిన్రు గావొచ్చు, మేడం. పిల్ల నాది."

స్వప్న తలెత్తి అత్త వైపు చూసింది. ఆమెకూ ఈ సంగతి తెలియదని ఆ చూపులోనే అర్థమైంది.

"పండు వాళ్ల నాయిన కంటె ముందు నాకొక ఆడపిల్ల. ఊర్ల ఉన్నప్పుడు గొంతు వాసింది. నీళ్లు, నీళ్లు అన్నది. ఇస్తే ముక్కులకెళ్లి వచ్చినయి. తెల్లారేటాలకు పోయింది. పేరు గూడ సక్కగ పెట్టలే, పోరి అనే పిలుస్తుంటిమి. పెత్రమాసకు సచ్చిపోయిన పెద్దలందరి పేర్న బియ్యమిస్తం. చిన్నపోరగాండ్లకు మా దిక్కు ఇయ్యరు. మరిచిపోవాలె, పేరెత్తొద్దు అంటరు. నేను ఎన్నడూ ఎత్తలే. మీరొచ్చి గడపల నిలబడి, దీపం ముట్టిచ్చే యాళ్లకు, పేరు పెట్టి పిలిచిన్రు. జాగ గూడ ఇడిచిన్రు నిలబడనీకి. ఇగ రాదా?"

నేను వదిలిన ఖాళీ గురించి ఆ మాట అంది. తర్వాత మా ఆయన చనిపోయినప్పుడు కూడా నేను అంత నిస్సహాయంగా నిలబడలేదు.

"పిల్ల మంచిదే మేడం, ఏమనదు. కానీ తమ్ముని కొడుకును జూస్తే ముద్దొస్తది గదా. ఎత్తుకుంటనంటది. అందుకే తలుపు తెరుస్తలేను. మీరు సూది తెచ్చినా, ఏం తెచ్చినా, తలుపు తెరిస్తె అది లోపలికొస్తది" అంది లింగమ్మ.

తీసుకుపోవడం

ఇలాంటిచోట మా ట్రైనింగు ప్రకారం ఏం చేయాలి? మూఢనమ్మకాలను సున్నితంగా ఖండించాలి. ఆ తల్లి ముందు నిలబడి ఆ మాట అనగలిగినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ ఉద్యోగానికి పనికిరారని నా అభిప్రాయం. వాదన పెట్టుకుంటే నేను గెలిచేదాన్నేమో. పండుకు మాత్రం సూది పడేది కాదు.

"మరి నేనేం చెయ్యాలె, అవ్వా?" అన్నాను.

"మీరే తెచ్చిన్రు. మీరే తీస్కపోన్రి."

"ఎట్ల?"

"మెట్ల మీద నిలబడి పిలువున్రి. మీ ఎంట పెట్టుకోని పోన్రి. ఎనకకు జూడొద్దు. ఎనకకు జూస్తే మళ్ల ఈడికే ఉరుకొస్తది."

సలోమి ముఖం పాలిపోయింది. చచ్చినవాళ్లను పిలవడం ఆమె విశ్వాసంలో పాపం. "మేడం, నేను పిలువలేను. మీరు పిలుస్తుంటె నేను ప్రార్థన చేసుకుంట" అంది. ఆమె మందు పెట్టె పట్టుకుని తలుపుకు ఆనుకుని నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. ఎవరి దేవుడి మీద భారం వాళ్లు వేశాం.

నేను మెట్ల వైపు తిరిగాను. ఎండ పడి మెట్లు తెల్లగా మెరుస్తున్నాయి. అక్కడ ఎవరూ లేరు. ఉద్యోగంలో ఎన్ని వందల గడపల్లో గొంతు తగ్గించి, పెంచి, ఏడిపించి కథ చెప్పానో! ఆ రోజు ఒక్క పేరు దగ్గర ఆగిపోయాను. చార్టులో పేరు పెట్టి పిలుద్దామంటే మనసొప్పలేదు. అది సారు పెట్టిన పేరు. వాళ్లమ్మ పిలిచిన పేరుతోనే పిలిచాను.

"పోరీ, రా బిడ్డా. పోదాం."

నా వెనక లింగమ్మ ఒక్కసారిగా వెక్కి ఏడ్చింది. తలుపు గొలుసు తీసిన చప్పుడు వినపడింది. నేను మెట్లు దిగడం మొదలుపెట్టాను. సగం దిగానో లేదో, చీర కొంగు వెనక్కి గుంజినట్టయింది. రెయిలింగుకు చిక్కుకుని ఉంటుంది. ఇనుప రెయిలింగు, అక్కడక్కడా విరిగి మొనలు తేలి ఉంది. వెనక్కి చూడకూడదు కాబట్టి చూడలేదు. చూడలేదు కాబట్టి అది రెయిలింగో కాదో ఈ రోజుకీ నాకు తెలియదు.

ఆగి నిలబడ్డాను. కొంగు వదులైంది. అప్పుడు పై నుంచి పండు కెవ్వుమన్న ఏడుపు వినపడింది. నా ఉద్యోగంలో అంత తియ్యటి ఏడుపు వినలేదు. సూది పడింది! వెనక్కి తిరిగి, మెట్లెక్కి, ఆ పిల్లాణ్ణి గుండెకు హత్తుకోవాలనిపించింది. మెడ బిగబట్టుకుని కిందికే నడిచాను.

గల్లీ దాటాను, మెయిన్ రోడ్డు దాటాను. ఎల్బీ నగర్ మెట్రో కింద జిల్లా బస్సుల హారన్లు, పండ్ల బండ్ల కేకలు. ఆ గోలలో నాకు ఒక్కసారిగా గుర్తొచ్చింది. తీసుకుపొమ్మని చెప్పింది గానీ ఎక్కడ దింపాలో లింగమ్మ చెప్పలేదు. నేనూ అడగలేదు. అంత జనంలో, ఆ బస్సుల మధ్య, అంత చిన్నపిల్లను ఎక్కడని వదిలేస్తాను? ఇంటికి వచ్చేశాను.

చివరగా

పండుకు రెండు రోజులు జ్వరం వచ్చి తగ్గింది. అది మామూలే. మరుసటి వారం పోతే గల్లీలో తలుపుల మీద రాతలు కడిగేసి ఉన్నాయి. గ్లాసులు తీసేశారు. తల్లులు పిల్లల్ని తీసుకుని వరసగా వచ్చారు. నేను ఏ కథా చెప్పలేదు, ఎవరూ అడగలేదు. లింగమ్మ మాత్రం దగ్గరికి వచ్చి నెమ్మదిగా, "మంచిగున్నదా?" అని అడిగింది. ఎవరి గురించి అడుగుతోందో నాకు తెలుసు. "మంచిగున్నది" అన్నాను. అబద్ధమో నిజమో ఆలోచించలేదు.

చివరి బొమ్మను నేనే చార్టులోంచి చింపేశాను. సారు అడిగితే వానకు తడిసిందని చెప్పాను. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. కథ చెప్పండి, తప్పకుండా చెప్పండి. కానీ ఒకరి గడపలోకి ఎవరినైనా తీసుకుపోతే, తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకునే ధైర్యం మీకు ఉండాలి.

నేను దయ్యాలను నమ్మను. ఇప్పుడూ నమ్మను. పెత్రమాసకు మా ఆయన పేరున బియ్యం ఇచ్చేటప్పుడు పక్కన ఇంకో గుప్పెడు వేరుగా పోస్తాను. ఎవరికని అయ్యగారు అడిగితే "మా బిడ్డకు" అంటాను. మాకు పిల్లలు లేరని ఆయనకు తెలుసు, అయినా మళ్లీ అడగరు.

రోజూ మధ్యాహ్నం ఎండ మెట్ల మీదికి వచ్చే వేళకు చిన్న స్టీలు గ్లాసులో నీళ్లు పోసి గడప పక్కన పెడతాను. పెట్టి, వెనక్కి చూడకుండా లోపలికి వస్తూ ఒక మాట అంటాను.

"మెల్లగ తాగు, బిడ్డా."